నల్లచేతుల క్లోజప్

చదువుకున్నవాడి తెలివితక్కువతనానికి ఫుట్‌నోట్లు కూడా ఉంటాయి. నాది అలాంటిదే. కొవిడ్ తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది, రాజాంలో డిగ్రీ పిల్లలకు మీడియా థియరీ చెబుతున్నాను. పలాస అమ్మాయి రాజేశ్వరి తన బ్యాండుతో పాడిన రాక్ పాటకు వీడియో తీసి ప్రాజెక్టుగా ఇచ్చింది. అందులో డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా రెండు నల్లటి చేతులు తెర నిండా లేచి పడతాయి. వేళ్ల చివర చర్మం పొరలు పొరలుగా ఊడి ఉంది.

నాకు సెమియాటిక్స్ పూనింది. కనిపించేదాని వెనక అర్థాలు తవ్వే శాస్త్రం అది. నల్లచేతులు మృత్యు సంకేతమనీ, విదేశీ మెటల్ బ్యాండ్లకు అనుకరణ అనీ రెండు పేజీలు రాసిపారేశాను.

"అవి అలాగే ఉంటాయి సార్. ఏటంటే..." అంది రాజేశ్వరి.

"తీసినవాళ్ల ఉద్దేశంతో పనిలేదమ్మా. అర్థం చూసేవాళ్లది, థియరీ అంతే. ఆ షాట్లు తీసేస్తేనే ప్రదర్శనకు పెడతాను."

తీసేసింది.

ప్రదర్శన రోజు వాళ్లమ్మ పనికి సెలవు పెట్టి, బస్సులు మారి వచ్చింది. పాట అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆవిడ తప్ప.

"ఏటే, నా సేతులేవీ? వీధంతా సెప్పీసి వొచ్చినాను," అని కూతుర్ని అడిగింది.

"సారు తీసీమన్నారమ్మా."

ఆవిడ నావైపు తిరిగింది. కోపమేమీ లేదు. "పెళ్లైన కాణ్ణుంచి జీడిపిక్కలు కొడతన్నాను బాబూ. ఆ తొక్కలో నూని అంటితే ఏ సబ్బుకీ వొదల్దు. బాగోలేవనేనా తీసీమన్నారు?" అంటూ చేతులు కొంగులో దాచుకుంది.

జీడిపప్పు ఇష్టంగా తిని పెరిగినవాణ్ని. పప్పు అంత తెల్లగా ఎలా వస్తుందని ఒక్కనాడూ అడగలేదు. మర్నాడు అసలు వీడియో వేద్దామన్నాను.

"ఇంక వద్దు సార్. అమ్మ మళ్లీ రాదు," అంది రాజేశ్వరి.

అర్థం చూసేవాడిదే కావచ్చు. కానీ తనకేం తెలియదో చూసేవాడు ముందు అడిగి తెలుసుకోవాలి. ఇంత చిన్న సంగతి నాకు ఆ కొంగు చూశాకే తెలిసింది.

ఆ ఏడాది ఇంటర్నల్ పరీక్షలో నామీద నేనే కక్ష తీర్చుకున్నాను. "జీడిపిక్కలు కొట్టే చేతుల్ని మృత్యు సంకేతమన్న లెక్చరరును విమర్శించుము. పది మార్కులు" అని ప్రశ్న ఇచ్చాను. పిల్లలు మొహమాటం లేకుండా తిట్టారు. తిట్టిన ప్రతి ఒక్కరికీ పదికి పది వేశాను. రాజేశ్వరి ఒక్కతే ఆ ప్రశ్న వదిలేసింది.