పత్తి మీద పడుకోబెట్టిన బ్యాటరీ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. దోమ కుట్టిందని చెప్పాలన్నా దాని రెక్కల గాలికి గోడ మీద క్యాలెండర్ ఊగిందని కలపందే నాకు తృప్తి ఉండదు. జనగామలో నా తోటి ఉద్యోగులు నా మాటలో సగం తీసేసి, మిగిలినదాంట్లో మళ్లీ సగం తీసేసి, ఆ చివరి ముక్కను కూడా ఇంకొకరిని అడిగి గానీ నమ్మరు. మీరూ అలాగే చదవండి. కానీ కొన్నేళ్లుగా నా గుండెల మీద ఒక బరువు ఉంది. దాన్ని మాత్రం పెంచి చెప్పడం లేదు.

ఆ బరువు ఒక డ్రిల్ మిషన్ బ్యాటరీ. గుప్పిట్లో పట్టేంతది.

నవ్వొచ్చిందా? ఎవరికైనా వస్తుంది. ఎవరికీ చెప్పకపోవడానికి ఆ నవ్వే కారణమని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అది కారణం కాదు.

వైరు లేని డ్రిల్ మిషన్ అది. ఫోన్లో చూసి చవకలో తెప్పించాను. అంతవరకు మేకు కొడితే వేలు మీద కొట్టుకునేవాణ్ని, పెట్టె విప్పిన రోజు నుంచి మా ఇంటి గోడలను జల్లెడ చేశాను. కరెంటు లేకపోయినా రంధ్రాలు పెట్టొచ్చన్న ఆనందంలో కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసేవాణ్ని. పోకపోతే దిగులుగా ఉండేది.

దీపావళి దాటాక, పత్తి ఇళ్లకు చేరే రోజుల్లో అత్తగారి ఊరు వెళ్లాం. పాలకుర్తి దగ్గర ఒక పల్లె. గోడకు అరలు బిగించిపెట్టమని మా బామ్మర్ది అడిగాడు. అతన్ని ఇక్కడ యాకయ్య అంటాను, అసలు పేరు అది కాదు. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో నాకు పని చెప్పడం అదే మొదటిసారి. అల్లుడికి పని చెప్పరు కదా. వస్తే కాళ్లకు నీళ్లిస్తారు, కోడిని కోస్తారు, మంచం వాల్చి పండుకోమంటారు. అలాంటి నన్ను నమ్మి ఒక గోడ అప్పగించారు. దవాఖానలో పెద్ద డాక్టరు ఆపరేషన్‌కు పోతున్నట్టు మిషన్ సంచి భుజాన వేసుకుని పోయాను. ఛార్జర్ మాత్రం జనగామలోనే మరిచిపోయాను.

మా వైపు పత్తి ఏరాక ధర కోసం ఇంట్లోనే పోసి ఉంచుతారు. ఆ రోజుల్లో ఇల్లు పత్తిది. అది వదిలిన చోట మనుషులు పడుకుంటారు. ఆ ఏడు యాకయ్య ఇంట్లో ఒక గది నిండా పత్తి, పైన రేకులను తాకుతూ ఉంది. (నడుము ఎత్తు ఉంటుంది. నాకు మాత్రం రేకులను తాకుతూనే కనబడింది.)

ఒక అర బిగించి రెండో అరకు చేరేసరికి మిషన్ మూలిగి ఆగిపోయింది. చుట్టూ చూసేవాళ్లున్నారు. పరువు సమస్య. వెతికితే పత్తి గది కిటికీలో ఒక ఛార్జర్ దొరికింది. అది యాకయ్య చేనుకు మందు కొట్టే బ్యాటరీ పంపుది. పిన్ను పెట్టి చూశాను. దూరింది.

పంపులో ఉండేది వేరే రకం బరువైన బ్యాటరీ అనీ, దాని ఛార్జర్ తోసే కరెంటును నా చిన్న లిథియం బ్యాటరీ తట్టుకోలేదనీ, అది నిండిన తర్వాత కూడా ఆగకుండా తోస్తూనే ఉంటుందనీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ఒక్కటే. పిన్ను దూరితే చుట్టమే.

ఆ ఇంట్లో పనిచేసే ప్లగ్గులు రెండే. ఒకటి టీవీది. దాని ముందు మా ఆవిడ. సీరియల్లో ఎవరో చావు బతుకుల్లో ఉన్నారు. ఆ ప్లగ్గు పీకితే చావు బతుకుల్లో ఎవరుంటారో నాకు తెలుసు. రెండోది పత్తి గదిలో ఉంది. అక్కడి నుంచి వైరు నేలదాకా అందలేదు. అందుకని బ్యాటరీని పత్తి కుప్ప మీద పెట్టాను. పెట్టానా? కాదు. పడుకోబెట్టాను. గీతలు పడకూడదని పత్తిలో చేత్తో మెల్లగా గుంట చేసి, పసిపిల్లను ఉయ్యాల్లో వేసినట్టు వేశాను. కాసేపాగి తాకి చూస్తే వెచ్చగా ఉంది, జ్వరం తగిలిన పిల్ల నుదురులాగా. ఛార్జింగ్ బాగా ఎక్కుతోందని సంతోషించాను. సంతోషించి, అన్నం తిని, అరుగు మీద చేరి, వాడకట్టు వాళ్లకు మిషన్ మహిమలు చెబుతూ కూర్చున్నాను.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఇక్కడే చేయి ఆగుతోంది.

మామ పోయాక చేను పనంతా భుజాన వేసుకుని ఆ ఎవుసాన్ని నిలబెట్టింది ఆమే. రోజంతా చేసిన కష్టానికి ఆమె అడిగే సుఖం ఒక్క చుట్ట. మధ్యాహ్నం అన్నం తిన్నాక గాలి తగిలేచోటు చూసుకుని ఆ గది గడప బయట కూర్చునేది. సగం తాగి, బండ మీద నలిపి ఆర్పి, మిగతా సగం గోడ గూట్లో దాచుకునేది. ఇంట్లో పత్తి ఉన్నన్ని రోజులు ఆ గడప లోపలికి అగ్గిపెట్టె కూడా పోనిచ్చేది కాదు. నేనంటే ఆమెకు ప్రాణం. నా కోతలంటే ఇంకా ప్రాణం. అందరూ నా మాటలో సగం తీసేస్తారని చెప్పాను కదా, ఆమె ఏమీ తీసేసేది కాదు. మొత్తం నమ్మేది. కళ్లు పెద్దవి చేసుకుని, దవడ కింద చేయి పెట్టుకుని వినేది. ప్రపంచంలో నన్ను అలా విన్న మనిషి ఇంకొకరు లేరు.

మొదట పొగ వచ్చింది. పత్తి మంట ఒక్కసారిగా లేవదు. లోపల్లోపల తింటూ పోతుంది. వాడకట్టంతా ఉరికి వచ్చింది. మోటారు పైపు లాగారు, బిందెలు అందించారు, కుప్పను కొంకులతో వాకిట్లోకి లాగి తడిపారు. మనుషులకేమీ కాలేదు. పత్తి కొంత కాలింది, మిగతాది తడిసి నల్లబడింది. ఏడాది కష్టం వాకిట్లో పొగలు కక్కుతుంటే యాకయ్య దాని ముందు చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

నేను సాయం చేస్తున్నట్టు గదిలోకి పోయాను. కిటికీ కింద పెట్టిన మిషన్ కాలిపోయింది. బూడిదలో నా బ్యాటరీ ముద్దగా కరిగి, ఛార్జర్ వైరును తనలో కలుపుకుని పడి ఉంది. అటూ ఇటూ చూశాను. తువ్వాలలో చుట్టి సంచిలో వేసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒక పాడుబడిన బావిలో పారేశాను. ఛార్జర్ ఏదని ఎవరూ అడగలేదు. ఆ గదిలో ఉన్నవన్నీ కాలినట్టే అదీ కాలిందనుకున్నారు. అల్లుడిని అనుమానించే ఇల్లు మా వైపు ఇంకా కట్టలేదు.

నేను గదిలోంచి బయటికి వచ్చేసరికి యాకయ్యలో కదలిక వచ్చింది. గెట్టు పక్క చేనువాళ్లతో అతనికి అంతకుముందే పంచాయితీ నడుస్తోంది. ఇది వాళ్ల పనేనని కర్ర తీసుకున్నాడు. ఇద్దరు పట్టుకుంటే ఆగలేదు. నోరు విప్పాల్సిన క్షణం అదే. ఎందుకు విప్పలేదు? పత్తికి పరిహారం అడుగుతారని భయమా? కాదు, అడగరు. అల్లుడిని అడగరు. తిట్టను కూడా తిట్టరు. ఆ రోజు కూడా కోడిని కోస్తారు. ఆ కోడిని తినలేకనేనా? మిషన్ మహిమలు చెప్పిన నోటితోనే ఆ కరిగిన బ్యాటరీ సంగతి చెబితే, నన్ను చూసి పెద్దవయ్యే అత్తమ్మ కళ్లు చిన్నవైపోతాయనా? అదే అనుకుంటాను. ఖాయంగా తెలియదు.

ఇంతలో అత్తమ్మ మెల్లగా నా దగ్గరికి వచ్చింది. కొట్టం వెనక్కి తీసుకుపోయింది. చేతులకు మసి. గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డా, నువ్వు అరుగు మీదనే ఉంటివి గద. నేను సుట్ట వట్టుకోని గా గదిలకేమన్న పోయిన్నా? గూట్లె వెట్టిన సగం సుట్ట కనవడ్తలేదు. నాకేం యాదికొస్తలేదు."

నేనేమీ అనలేదు. తల దించుకున్నాను. నీళ్లు పోసే హడావిడిలో ఆ చుట్ట ముక్క ఎక్కడో కొట్టుకుపోయి ఉంటుంది. ఆ మాటైనా అనలేకపోయాను.

ఆమె వాకిట్లోకి నడిచింది. పోయి కొడుకు చేతిలో కర్ర పట్టుకుంది. "ఎవల్నేం అనకురా యాకా. నాతోనే అయింది. ముసల్దాన్నైతి, సోయి తప్పుతున్న" అంది.

యాకయ్య కర్ర వదిలేశాడు. తల్లిని ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత పంటకాలమంతా ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మేము బయలుదేరేటప్పుడు ఆమె మిషన్ లేక వేలాడుతున్న నా సంచి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. అల్లుడి మిషన్ కూడా తనవల్లనే కాలిపోయిందని, ఏమనుకోవద్దని బతిమిలాడింది. నేను పర్వాలేదన్నాను. పెద్దమనసు చేసుకుని అన్నాను.

చుట్ట మానేసింది. ఆరోగ్యానికి మంచిదని అందరూ మెచ్చుకున్నారు. పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు. తాళంచెవులు కోడలికి ఇచ్చేసింది. ఎవరూ గట్టిగా అడగలేదు, ఆమే ఇచ్చేసింది. మతిమరుపుకు మందు ఇప్పిద్దామని జనగామ దవాఖానకు తెచ్చారు. బస్టాండు నుంచి బండి మీద తీసుకుపోయింది ఎవరనుకున్నారు? నేనే. వెనక కూర్చుని నా భుజం పట్టుకుని, డాక్టరు ఏమడుగుతాడోనని దారి పొడుగునా తమ ఇంట్లో పెరిగిన ఎడ్ల పేర్లన్నీ వరసగా అప్పజెప్పుకుంది. కర్రెద్దు, చుక్కెద్దు, తర్వాత కొమ్ము విరిగినది, తర్వాత మామ అంగడిలో కొన్నది. ఒక్కటి తప్పలేదు. ఏ ఎద్దు ఏ వానాకాలంలో పోయిందో కూడా చెప్పింది. నాకు దారి కనిపించడం లేదు. కంట్లో దుమ్ము పడిందని ఒక చోట బండి ఆపాను. ఆమె కొంగుతో నా కన్ను తుడిచింది.

డాక్టరు వయసు మీద పడిందన్నాడు, గోళీలు రాశాడు. ఆమె ఇప్పటికీ వేసుకుంటోంది.

నేను మాత్రం మారాను. ఛార్జింగ్ అంటే చాలు, నాకు పూనకం వస్తుంది. మా ఇంట్లో ఫోనైనా, చెవుల్లో పెట్టుకునే వైర్లెస్ గుండీలైనా, కొత్త మిషన్ బ్యాటరీ అయినా ఉట్టి నేల మీద, కళ్లెదుటే, దాని సొంత ఛార్జర్‌తోనే ఛార్జ్ కావాలి. నిండగానే ప్లగ్గు తీయాలి. వేడెక్కినా ఉబ్బినా దాన్ని మళ్లీ వాడనివ్వను. మూలన పెట్టి మరవను, కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చి వస్తాను. తలగడ కింద ఫోన్ దొరికిందంటే ఇంట్లో ఆ రోజు అన్నం ఉండదు. డోర్నకల్ స్టేషన్లో ఎవరో ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి పైన దుప్పటి కప్పి నిద్రపోతుంటే, దుప్పటి లాగి దొంగ అనిపించుకున్నాను. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే మా తోడల్లుడి క్వార్టర్‌కు వెళితే ముందు ప్లగ్గులన్నీ చూసి గానీ మంచినీళ్లు తాగను. అంత కరెంటు తయారుచేసే వాళ్లం, మాకు నువ్వు చెబుతావా అని ఆయన నవ్వుతాడు. పిల్లలు నాకు ఛార్జర్ తాత అని పేరు పెట్టారు. నా పిచ్చి గురించి నేనే పది కథలు అల్లి నవ్విస్తాను. ఎందుకొచ్చిన పిచ్చో మాత్రం అడిగినవాళ్లు లేరు.

చెప్పొచ్చు కదా అంటారు. ఆమె ఉంది. యాకయ్య ఉన్నాడు, ఇప్పుడు తల్లితో మాట్లాడుతున్నాడు. ఇప్పుడు చెబితే ఎవరికి మేలు? ఈ ప్రశ్న వేసుకున్న ప్రతిసారీ జవాబు నాకు అనుకూలంగానే వస్తుంది. అందుకే ఆ జవాబును నమ్మడం మానేశాను. చెబితే ఆమె పొయ్యి మళ్లీ ముట్టించుకోవచ్చు. తాళాలు అడగొచ్చు. నా సోయి బాగానే ఉందని ఒక్క పూటైనా అనుకోవచ్చు. అది నా చేతిలో ఉంది. ఇది రాస్తూ కూడా పేరు దాచుకుంటున్నాను, చూశారా.

ఇప్పుడు ఇందులోని కల్పన సంగతి. రేకులు తాకిన పత్తి, దుప్పటి దొంగ లాంటివి మీరే తీసేసి ఉంటారు. అవి కల్పన కాదు, నా మాట తీరు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే ఉంది. కొట్టం వెనక అత్తమ్మ అడిగినప్పుడు నేనేమీ అనలేదని రాశాను. తల దించుకున్నానని రాశాను. ఆ మౌనం నా కల్పన. అక్కడికి వచ్చేసరికి చేయి దానంతటదే పక్కకు తప్పుకుంది. నేను తల దించుకోలేదు. ఆమె కళ్లలోకి చూసి అన్నాను.

"పోయినవు అత్తమ్మా. నేను చూసిన. చేతిల సుట్ట ఉండె."

ఇదీ నేను మోస్తున్నది. బ్యాటరీ కాదు. ఆమెకు లేని జ్ఞాపకాన్ని ఆమె తలలో పెట్టాను, ఆమె నన్ను మొత్తం నమ్ముతుందని తెలిసి పెట్టాను. మిమ్మల్ని క్షమించమనను. అది మీ చేతిలో లేదు. తలమీది మూటను కాసేపు గట్టు మీద దించి, మెడ అటూ ఇటూ తిప్పినట్టు ఉంది, అంతే. మూట నాదే.

ఆమె ఏమందో కూడా రాస్తాను. మసి చేతులతో నా రెండు చేతులు పట్టుకుంది. "మంచిగ చెప్పినవు బిడ్డా. లేకుంటే గీ నింద ఎవలి మీదనో పడుతుండె" అంది.

ఇది కల్పించలేదు. ఇంత మాట కల్పించడం నాకు చేతకాదు.