పెన్సిలుతో రాసిన పుట్టుకలు

జూన్ పన్నెండు: మూతబడిన మా బడి ప్రవేశాల రిజిస్టరు చూపమని హనుమకొండ విద్యాశాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాను. అందినట్టు ముద్ర వేయలేదు.

జూలై మూడు: కాగితాలన్నీ మా బడిని కలిపిన వేరే బడికి పంపామన్నారు.

జూలై పంతొమ్మిది: అక్కడ మెట్ల కింద గోనెసంచులు విప్పి చూశాను. హాజరు పట్టీలు దొరికాయి, రిజిస్టరు దొరకలేదు.

ఆగస్టు ఆరు: "గప్పటి కాయితాలతోని ఇప్పుడేం పని సారూ, ఇంట్ల కూసోక" అని హనుమకొండ కార్యాలయం గుమస్తా నవ్వాడు.

పని ఏమిటో ఈ పత్రిక చదివే నా ఈడు వారికైనా చెప్పుకోవాలి. ఈ వేసవిలో తల్లిని పోగొట్టుకున్న నా పాత విద్యార్థిని ఒకామె మా ఇంటికి వచ్చింది. "ఎప్పుడు పుట్టిన అవ్వా అని ఎన్నిమార్లడిగినా, మీ సారు రాసుకున్నడు పో, ఆయన్నడుగు అనేది. గది జర చదివి చెప్పురి సారూ" అన్నది.

ఖిలా వరంగల్‌కు పోయే దారిలో, ఒకటి నుంచి పది దాకా ఒకే ఆవరణలో నడిచిన ఆ సర్కారు బడిలో నేను డెబ్బై ఆరులో చేరాను; చేతిరాత గుండ్రంగా ఉన్నదని ప్రవేశాల పని నాకు అప్పగించారు. మార్కెట్లో మిరపకాయల తొడిమలు తీసే తల్లులు పనికి పోతూ పిల్లలను తెచ్చేవారు, వారి కొంగుల ఘాటుకు గదంతా తుమ్ములే. తేదీలు వారికి తెలియవు. ఏ వానలో, ఏ పండుగ ముందు, ఎవరు చనిపోయిన ఏడు కన్నారో చెప్పేవారు. ప్రధానోపాధ్యాయుల ఆజ్ఞ ప్రకారం నేను అందరికీ జూలై ఒకటి అని సిరాతో రాసేవాణ్ణి. "బడంత ఒక్కనాడే పుట్టిందా సారూ, ఆ మంత్రసాని బతికున్నదా సచ్చిందా" అని గంట కొట్టే ఆయమ్మ ఎగతాళి చేసేది. మనసొప్పక, తల్లులు చెప్పిన మాటను ఉన్నదున్నట్టు చివరి గడిలో పెన్సిలుతో రాసి వారికి చదివి వినిపించేవాణ్ణి. అది విని వారు నిశ్చింతగా పనికి వెళ్ళిపోయేవారు.

పిల్లలు తగ్గారని బడి మూసిన నాడు, అప్పటికే పదవీ విరమణ చేసిన నన్ను అప్పగింతకు పిలిచారు. గంట, బల్లలు, పగిలిన గ్లోబు, అన్నీ పట్టికలో రాయించాను. రిజిస్టరును ఎవరో ఒకరు భద్రపరుస్తారనుకున్నాను, అడగలేదు. ఆ తప్పు నాదే.

ఈ వేసవిలో పోయిన ఆ తల్లి తుమ్ము గుర్తున్నది, మిరప అంటిన వేళ్ళు బిడ్డ కళ్ళకు తగలకుండా మోచేత్తో ముందుకు నెట్టడం గుర్తున్నది. చెప్పిన మాట మాత్రం గుర్తులేదు. నేను రాసుకున్నాను కదా అని ఆమె ఆ మాట బిడ్డకు చెప్పలేదు, రాసుకున్నాను కదా అని నేను గుర్తుంచుకోలేదు. ఇప్పుడు బిడ్డతో పాటే కాగితం పుడుతున్నది, మంచిదే. ఆనాడు వాన కురిసిందో లేదో రాసే గడి మాత్రం అందులో లేదు.

కావున సంబంధిత అధికారులను కోరునదేమనగా: ఆ రిజిస్టరు ఉన్నదా, ఉంటే ఏ గదిలో ఉన్నది, లేకుంటే ఎవరి చేతిలో పోయినది, సంతకంతో రాతపూర్వకంగా తెలియజేయాలి. పెన్సిలు రాత చెరిగిపోయి ఉంటే చెరిగిపోయిందనే రాయండి. ఆమె మళ్ళీ వచ్చినప్పుడు చదివి వినిపించడానికి నా చేతిలో ఒక్క కాగితమైనా ఉండాలి.