తువ్వాలు కింద తేలిన నా డాక్టరీ

నేను డాక్టరు పరీక్ష మళ్ళీ రాయాలా, గొర్రెల వెంట పోవాలా అన్న సంగతిని మా నాయన, మా మేనమామ కలిసి, నా ఎదుటే, నాకు కనబడకుండా, ఒక తువ్వాలు కింద తేల్చేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. జరిగి యాభై ఏళ్ళు దాటింది. ఈ అన్యాయాన్ని నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా నాకు మొన్నటిదాకా లేదు.

ఆ రోజుల్లో మా ఉదయగిరి వైపు ఇంటర్మీడియెట్‌లో సైన్సు తీసుకున్న ప్రతివాడూ సగం డాక్టరు కిందే లెక్క. మిగతా సగం ప్రభుత్వం వాళ్ళు చూసుకుంటారని అందరి నమ్మకం. ఇప్పటి పిల్లలకు కోచింగులు, వారం వారం టెస్టులు, తప్పు రాస్తే ఎందుకు తప్పో చెప్పే వీడియోలు. నాకు ఆత్మకూరులో ఒక కాలేజీ (పేరు చెప్పను, ఇప్పుడు లేదు), అందులో జువాలజీ చెప్పే కుర్చీ ఒకటి ఉండేవి. కుర్చీ ఉంది, అందులో కూర్చోవలసిన మనిషి రెండేళ్ళూ రాలేదు. కనుక నా అంతట నేనే చదువుకున్నాను. పుస్తకంలో బొమ్మ అర్థం కాకపోతే ఆదివారం పొద్దున్నే మాంసం కొట్టు దగ్గరికి పోయి నిలబడేవాణ్ణి. మాది గొర్రెలు మేపే కుటుంబమని కొట్టాయనకు తెలుసు. గుండెకాయ నా చేతిలో పెట్టి, "బిరీన చూసుకోని ఇచ్చెయ్, గిరాకీ వచ్చే టైము" అనేవాడు. ఆ విధంగా గొర్రె లోపల నేను చూడని గది లేకుండా పోయింది.

అదే నా కొంప ముంచింది. పరీక్షలో కప్ప గుండెకు ఎన్ని గదులో రాసి బొమ్మ గీయమన్నారు. నేను నాలుగని రాసి, నాలుగూ గీసి, ఎడమ కింది గది గోడ ఎంత మందమో కూడా వివరించాను. కప్పకు మూడేనట. సీటుకు కావలసిన మార్కులకు నాకు తక్కువైనవి సరిగ్గా నాలుగు. ఆ ప్రశ్నకు ఉన్నవి నాలుగు. (చేతిలో పట్టుకొని చూసినవాడికి సున్నా, పుస్తకంలో బొమ్మ చూసినవాడికి మార్కులు. నేను పట్టుకున్నది కప్పది కాదన్న మాట నిజమే. కానీ చూడటం చూడటమే కదా.)

ఇంటికి పోయి ఈ సంగతి చెప్పడం కంటే ఉదయగిరి కొండెక్కి అక్కడే ఉండిపోవడం తేలికనిపించింది. ఎందుకంటే మా నాయన అప్పటికే బోర్డు రాయించాడు. సినిమా పేర్లు రాసే పెయింటరు చేత, మూడడుగుల రేకు మీద, నా పేరుకు ముందు 'డాక్టర్' అని, ఎర్ర ప్లస్సు గుర్తుతో సహా. ఫలితాలు రాకముందే బోర్డు ఎందుకని అడిగిన వాళ్ళకు, "ఆ పెయింటరు చేతిలో పనెక్కువ, అప్పుడు పోతే దొరకడు" అని చెప్పాడట. నాయనకు చదువు రాదు. బోర్డు ఇంటికి తెచ్చినప్పుడు తలకిందులుగా పట్టుకొచ్చాడని అమ్మ చెప్పింది. బస్టాండు నుంచి ఇంటిదాకా అట్లాగే నడిచాడట, ఎదురొచ్చిన వాళ్ళందరికీ చూపించుకుంటూ.

నేను పోయి నాలుగు మార్కులు తక్కువయ్యాయని చెప్పాను. నాయన లేచాడు. పోయి గొర్రెలకు నీళ్ళు పెట్టి వచ్చాడు. అప్పటికే పెట్టిన నీళ్ళు మళ్ళీ పెట్టాడు. అవ్వ మాత్రం ఊరుకోలేదు.

"నాలుగేనంట్రా తక్కువ?"

"నాలుగే అవ్వా."

"కొసరు అడగలేకపోయినావా? వంకాయలకాడ నేను అడగనా, ఇచ్చేది లేదంటా ఇచ్చిపోరా? నాలుగు మార్కులకు నోరు పెగల్లేదా నీకు?"

"అది వంకాయలు కాదవ్వా."

"అవున్లే. వంకాయలైతే నేనే పోయుందును."

బోర్డు ఏమయిందో ఆ మర్నాడు తెలిసింది. గొర్రెపిల్లల దొడ్డికి తలుపు లేదు, దానికి కట్టేశారు. అక్షరాలున్న వైపు లోపలికి తిప్పి కట్టారు. కాబట్టి నేను డాక్టరునన్న సంగతి ఆ తరువాత చాలా ఏళ్ళపాటు గొర్రెపిల్లలకు మాత్రమే తెలుసు.

మూడో రోజు సీతారామపురం నుంచి మా మేనమామ దిగాడు. ఆయన సంతలో గొర్రెల దళారి. సంతలో బేరం ఎట్లా జరుగుతుందో తెలియని వాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. అమ్మేవాడు, కొనేవాడు నోటితో ధర చెప్పరు. చుట్టూ పదిమంది వింటుంటారు కదా. దళారి తన తువ్వాలు కప్పి, దాని కింద చెయ్యి చెయ్యి కలిపి, వేళ్ళు పట్టుకొని ధర చెబుతాడు. అవతలివాడు తన వేళ్ళతో జవాబిస్తాడు. పైకి ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. బేరం తేలినా తేలకపోయినా, కింద ఎవరు ఎన్ని వేళ్ళు పట్టారన్నది దళారి ప్రాణం పోయినా బయటపెట్టడు. మా మామ ఆ పద్ధతికి ఎంత అలవాటు పడ్డాడంటే, పెళ్ళి ముహూర్తాల దగ్గర కూడా ఆయన చెయ్యి తువ్వాలు వెతుక్కునేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చున్నారు. నేను గుంజకు ఆనుకొని నిలబడ్డాను. మామ ముందుగా నన్ను ఎగాదిగా చూశాడు, పొట్టేలును చూసినట్టు. పళ్ళు చూపించమనలేదు, అంతే తక్కువ.

"బావా, ఉండే దారులు నాలుగు," అన్నాడు మామ. "ఒక వేలంటే ఇంకో ఏడు మళ్ళీ పరీక్ష రాయిస్తాం. రెండంటే నెల్లూరికి పంపి బీయస్సీ. మూడంటే ఆత్మకూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు పని, అక్కడి డాక్టరు నాకు బాగా తెలుసు. నాలుగంటే గొర్రెలు. ఏమంటావు?"

"నోటితోనే చెప్పుకుంటే పోలా?" అన్నది అమ్మ లోపలి నుంచి.

"నోటితో అంటే మాటా మాటా పెరుగుతాదక్కా. పిల్లోడు ఈడనే ఉండాడు, మనసు కష్టపడతాది. గుడ్డ కిందైతే ఎవురికీ నొప్పుండదు."

అని తువ్వాలు కప్పేశాడు.

నా మనసు కష్టపడకూడదని చేసిన ఈ ఏర్పాటు చూస్తూ నేను పడిన కష్టం ఇంతా అంతా కాదు. ఒక వేలు, ఒకే ఒక వేలు పట్టుకో నాయనా అని లోపల వెయ్యిసార్లు అనుకున్నాను. ఇంకో ఏడు ఇస్తే చాలు. కప్ప గుండెకు మూడు గదులని ఇక నా జన్మలో మరిచిపోను. తువ్వాలు అంచులు కదిలాయి. ఒకచోట ఉబ్బింది. ఒకటా, రెండా? మళ్ళీ ఉబ్బింది. ఆ తరువాత తువ్వాలు మొత్తం అదే పనిగా కదలడం మొదలుపెట్టింది. బేరం గట్టిగా జరుగుతున్నదని అర్థమయింది. మామ ఒకటి అంటున్నాడు, నాయన నాలుగు అంటున్నాడు, ఇద్దరూ లాక్కుంటున్నారు అని నేను లెక్క వేసుకున్నాను. నాయన ముఖం చూద్దామంటే ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నా ముఖం చూడటానికి కూడా ఇష్టం లేదన్నమాట.

మామ ఒక్కసారిగా తువ్వాలు లాగి దులిపి భుజాన వేసుకున్నాడు.

"తేలిపాయ. మూడు."

"ఎవరన్నారు మూడు?" అని అడిగాను.

"గుడ్డ కింద మాట గుడ్డ కిందనే ఉండాల. పైన చెప్పకూడదు."

"నన్ను అడగరా మరి?"

"యాడన్నా బేరంలో జీవాన్ని అడుగుతారంట్రా?" అన్నాడు మామ. అవ్వ నవ్వింది. అమ్మ నవ్వింది. నాయన లేచి గొర్రెలకు మళ్ళీ నీళ్ళు పెట్టడానికి పోయాడు.

నాలుగు మార్కులు తక్కువైనవాణ్ణి నాలుగు కాళ్ళ రోగుల దగ్గరికి పంపించారు. మందులు కలిపాను, సూదులు వేశాను, దూడలను బయటికి లాగాను. అనంతసాగరం నుంచి, ఇంకా లోపలి ఊళ్ళ నుంచి మనుషులు నన్ను 'డాక్టరుగారూ' అనే పిలిచేవాళ్ళు. నేను కాదని చెప్పేవాణ్ణి (మొదటి రెండేళ్ళు). ఆసుపత్రిలోని అసలు డాక్టరుగారి పుస్తకాలు ఒక్కొక్కటే అడిగి తెచ్చుకొని నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న చదువు అది. కష్టం అనను. ఆ పని మీద నాకు ప్రేమ కూడా కలిగింది. కానీ నాయన మీద కోపం పోలేదు. బోర్డు రాయించిన మనిషి నాలుగు వేళ్ళు ఎట్లా పట్టుకున్నాడు, ఒక్క ఏడు నా మీద నమ్మకం ఎందుకు పెట్టలేకపోయాడు అని. సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఆయన "ఏం డాక్టరూ" అని పలకరిస్తే, "మీరు చేసిన డాక్టరునే గదా" అని ముఖం తిప్పుకునేవాణ్ణి. ఆయన పోయేదాకా అడగలేకపోయాను. మామను మాత్రం ప్రతి పెళ్ళిలో, ప్రతి చావులో అడిగాను. "నీకింకా అదేనా, పో రా" అనేవాడు.

ఈ ఏడు నా మనవరాలికి, మా పెద్దోడి కూతురికి, నీట్‌లో ర్యాంకు రాలేదు. ఎన్ని తక్కువయ్యాయో చెప్పను, దానికి ఇష్టం లేదు. ఇంట్లో అందరి ఫోన్లూ టింగుమంటున్నాయి. మా పెద్దోడు వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు. వాడు, వాడి భార్య, చిన్నోడు, నేను. లాంగ్ టర్మ్ కోచింగని ఒకరు, బీఫార్మసీ అని ఒకరు, అందరూ తలా ఒకటి రాశారు. నేను కూడా కళ్ళద్దాలు తుడుచుకొని, పావుగంట కష్టపడి, 'పశువైద్యం మేలు' అని పంపించాను. మనవరాలు నా పక్కనే కూర్చొని చూస్తున్నది.

"తాతా, ఆ గ్రూపులో నేను లేను."

"నువ్వు బాధపడతావని కలపలేదులే అమ్మా."

అన్నాక ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడ విన్నానో గుర్తొచ్చేసరికి చేతిలో ఫోను బరువనిపించింది. దానికి తువ్వాలు కథ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఎన్ని వేళ్ళు పట్టుకున్నాడో నీకు ఇంకా తెలీదా? పద పోదాం" అంది.

ఉదయగిరి దాకా ఒక బస్సు, అక్కడ గంటన్నర నిలబడి సీతారామపురానికి ఇంకో బస్సు. మామకు తొంభై దాటింది. కళ్ళు మసక, చెవులు మాత్రం దళారి చెవులే, పిల్ల ర్యాంకు సంగతి అప్పటికే వాటిలో పడింది. మంచం మీద కూర్చొని, ఎండలు అడిగాడు, వానలు అడిగాడు. నేను నోరు తెరవకముందే, "మళ్ళీ దానికే వచ్చినావా?" అన్నాడు.

"నేను అడుగుతుండా పెద్దతాతా," అంది మనవరాలు. "ఆ రోజు ఎన్ని వేళ్ళు?"

"గుడ్డ కింద మాట పైన చెప్పకూడదమ్మా. అది మా పద్ధతి."

మనవరాలు తన చున్నీ తీసి ఆయన చేతి మీద కప్పి, తన చెయ్యి కిందికి పెట్టింది. "అయితే కిందనే చెప్పు."

మామ నవ్వాడు. పళ్ళు లేవు, నవ్వు మాత్రం సంతలో నవ్వే. చున్నీ కదిలింది. అదే కదలిక, యాభై ఏళ్ళ కిందట నేను గుంజకు ఆనుకొని చూసింది. మనవరాలు లెక్క పెట్టుకోవడానికి చూసి, నుదురు ముడిచి, నా వైపు తిరిగింది.

"తాతా, ఇది ఏ లెక్కా కాదు. చెయ్యి మొత్తం పట్టేసుకున్నాడు."

నేను మామ వైపు చూశాను. ఆయన దాని చెయ్యి వదలకుండానే చెప్పాడు.

"వేళ్ళు యాడియిరా. మా బావ ఒక్క వేలు కూడా పట్టలా. నా చెయ్యి మొత్తం పట్టుకోని వణికిపోతా ఏడస్తావుండాడు. నువ్వు చూస్తావని గోడ తట్టు తిరిగినాడు. ఆయన వదిలేది లేదు, నువ్వేమో గుడ్డ మీదనించి కన్ను తిప్పేది లేదు. నేనేం చేసేది, నోటికి వచ్చింది మూడని చెప్పేసినా. ఆ మూడు ఎవురిదీ కాదురా, ఊరికే వచ్చింది. ఇన్నేళ్ళు నన్ను అడిగింది చాల్లే. ఈ పిల్లకు ఏం చదవాలనుండాదో దాన్ని అడుగు. గుడ్డ లేకుండా, నోటితో అడుగు."