పదకొండు రోజుల గ్యాసు

ఆ రోజుల్లో లోకం మనిషి తెలివిని దేనితో కొలిచేదో గానీ, నేను మాత్రం నా తెలివిని నా డైరీ మందంతో కొలుచుకునేవాణ్ణి. లారీ ఏ పూట వచ్చింది, వాన ఎన్ని గంటలకు ఆగింది, మా గోడ గడియారం ఎన్ని నిమిషాలు వెనకబడింది, అన్నీ అందులో ఎక్కేవి. (ఇప్పటికీ ఎక్కుతున్నాయి. అటక మీద నాలుగు ట్రంకు పెట్టెలున్నాయి. వాటిని ఎవరు చదువుతారని మా ఆవిడ అడుగుతుంది.) ఈమధ్య మా వీధిలో ఇంటింటికీ గ్యాసు గొట్టం వేస్తామని తవ్వి వదిలేశారు. ఆ గుంతను చూస్తూ అరుగు మీద కూర్చుని ఫోనులో ప్రపంచ సహజవాయువు గిరాకీ, సరఫరాల మీద పెద్ద వ్యాసం ఒకటి చదివాను. రాబోయే ఏళ్లలో ఓడల నిండా ద్రవవాయువు వచ్చి పడుతుందని, గ్యాసు మిగిలిపోతుందని ఒక నిపుణుడి మాట. కరెంటుకు, ఎరువులకు, కొత్త కంప్యూటరు కేంద్రాలకు ఎంత వచ్చినా చాలదని ఇంకొకాయన మాట. ఇద్దరూ చక్కటి గీతలు గీశారు. వాటిని చూస్తే నాకు నవ్వాగలేదు. వయసులో ఉన్నప్పుడు అలాంటి గీత నేనూ ఒకటి గీశాను. ప్రపంచానికి కాదు లెండి, రాయచూరుకు.

అప్పుడు నేను వంటగ్యాసు ఏజెన్సీలో బుకింగు గుమాస్తాని. పెళ్లయి ఏడాది కాలేదు, ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. మా సేటు తాతల నాటి నుంచి బజారులో వ్యాపారం చేసిన ఇంటివాడు, ఆయనకొక పద్ధతి ఉండేది. మనిషిని పర్మినెంటు చేసే ముందు వాళ్లింటికి వెళ్లి ఒక పూట భోజనం చేసేవాడు. "దుకాన్ల అందరూ మంచోళ్లే ఉంటరు పిల్లగా. ఇంట్ల బువ్వ తింటే మనిషి తెలుస్తడు" అనేవాడు. నాకు ముందు చేరినవాడి ఇంట్లో పప్పు వడ్డించేటప్పుడు వాడు పెళ్లాం మీద గట్టిగా అరిచాడట. మరుసటి వారం వాడు వేరే దుకాణంలో కనిపించాడు.

సేటు దృష్టిలో పడాలని నేను పట్టిన దారి డైరీ. బుకింగులు ఏ నెలలో ఎన్ని, లారీలు ఏ నెలలో ఎన్ని అని పాత పుస్తకాలు తిరగేసి, ఎర్ర సిరాతో గిరాకీ గీత, నీలి సిరాతో సరఫరా గీత గీశాను. ఉగాది ముందు ఎర్ర గీత లేస్తోంది, నీలి గీత మాత్రం ఎండకు సొమ్మసిల్లినట్టు పడుకునే ఉంది. 'ఈ ఉగాదికి పట్టణమున గ్యాసు కొరత అనివార్యము' అని కింద రాసి, దాని కింద గీత గీసి, సంతకం చేసి సేటు ముందు పెట్టాను. (సంతకం ఎవరూ అడగలేదు.) ఆయన కాగితాన్ని కళ్లద్దాలతో ఒకసారి, లేకుండా ఒకసారి చూసి, "చూద్దాం. బయట ఎవ్వరికీ చెప్పకు" అన్నాడు.

నేను ఎవ్వరికీ చెప్పలేదు. పక్కింటి మామకు తప్ప. పొద్దున నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఆయన, "ఏం సంగతి అల్లుడా, నీ మొహం వెలిగిపోతుంది?" అంటే ఆపుకోలేకపోయాను. "మామా, ఉగాదికి గ్యాసు దొరకదు. నీకొక్కనికే చెప్తున్న" అన్నాను. ఆయన కూడా ఒక్కొక్కరికే చెప్పాడు. ఒక్కొక్కరికే చెబుతూ సాయంత్రానికి రెండు వీధులు పూర్తి చేశాడు.

మూడో రోజుకు ఏజెన్సీ ముందు వరస రోడ్డు దాటింది. సగం సిలిండరున్నవాళ్లు, నిన్ననే కొత్తది బిగించుకున్నవాళ్లు, ఇంట్లో కట్టెల పొయ్యి తప్ప ఏమీ లేనివాళ్లు కూడా నిలబడ్డారు. వచ్చిన లారీ వచ్చినట్టే ఖాళీ అయింది. నిజంగా అయిపోయినవాళ్లకు గ్యాసు బండ దొరకలేదు. నేను కిటికీలోంచి ఆ వరసను చూసి, నా ఎర్ర గీతే లేచి నడిచి వచ్చినంత గర్వపడ్డాను. సిలిండర్లు మోసే రిక్షా చాచా మాత్రం గొణిగాడు: "క్యా తమాషా హై భాయ్! ఖాళీ అని వాపసు తెచ్చిన బండలు అన్నీ బరువే ఉన్నయి." ఆ మాట నేను డైరీలో రాసుకోలేదు. దానికి తగిన గడి లేదు మరి.

సేటు మాత్రం పొంగిపోయాడు. "వారం ముందే చెప్పిండు పిల్లగాడు!" అని వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "ఆదివారం మీ ఇంట్ల భోజనం" అన్నాడు. అంటే ఉద్యోగం పక్కా కావడానికి ఒక్క భోజనం దూరం.

మా ఆవిడ భక్ష్యాలు (బొబ్బట్లే లెండి) చేస్తానంది. ఆమె పుట్టినూరు చంద్రబండ, భక్ష్యం కాగితమంత పలచగా వత్తగలదు. శుక్రవారం నాడు వంటింట్లోంచి, "ఏమయ్యా, బండ ఎత్తితే అల్కగ లేస్తుంది. ఇంకోటి తెప్పియ్యరాదూ?" అంది.

నేను డైరీ తెరిచాను. ఇద్దరు మనుషులు, రెండు పూటలు, గడిచిన మూడు బండల సగటు నలభై రెండు రోజులు. "ఇంకా పదకొండు రోజులొస్తది."

"డైరీ గాదు, బండ ఎత్తి చూడు."

"ఎత్తుడేంది? లెక్క ఉంది గదా. పైగా గ్యాసు లేదని ఊరికి చెప్పింది నేను. నేనే ముందుగాల ఇంటికి తెచ్చుకుంటే మంది ఏమంటరు?"

ఆమె పప్పు ఏరుకోవడానికి వెళ్లిపోయింది. ఆదివారం పొద్దున నేను డైరీలో ఆ రోజు పేజీ మొదట్లో స్పష్టంగా రాశాను: 'గ్యాసు తొమ్మిది రోజులకు సరిపడా ఉన్నది.'

సేటు పన్నెండింటికి వచ్చాడు. పీట మీద కూర్చున్నాడు. మొదటి భక్ష్యం నెయ్యి కారుతూ ఆకులోకి వచ్చింది. "వాహ్వా!" అన్నాడు. రెండోది వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని నములుతూ, "ఇసొంటి ఇల్లు ఉన్నోడు ఎక్కడికీ పోడు" అన్నాడు. పక్కా అనే మాట ఆయన పెదవుల మీదికి రావడం నాకు కనిపిస్తూనే ఉంది. మూడో భక్ష్యం రాలేదు. వంటింట్లో పొయ్యి ఒకసారి టప్పుమంది. తరవాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు. మళ్లీ అగ్గిపుల్ల. మూడో అగ్గిపుల్లకు నేను సేటు ఆకులో ఇంకో గరిట నెయ్యి పోశాను.

సరిగ్గా అప్పుడే పెరటి గుమ్మంలోంచి పక్కింటి అత్త వచ్చింది. చేతిలో పప్పు గిన్నె. వెనక ఎదురింటి వదిన, ఆమె చేతిలో బియ్యం కడిగిన తపేలా. లోపల అతిథి ఉన్నాడని వాళ్లకు తెలియదు. అత్త గొంతు మామూలుగానే వీధి చివరిదాకా వినిపిస్తుంది. "పొయ్యి ఖాళీ ఉందా కోడలా? ఏం జెయ్యాలమ్మా, నీ మొగడు కరువొస్తదన్నడని మా ఆయన రెండు బండలు రాయించిండు, మా పేరు మీద ఒకటి, సచ్చిపోయిన వాళ్ల నాయన పేరు మీద ఒకటి. రెండూ రాలే! వారం సంది నీ పొయ్యి మీదనే బతుకుతున్నం."

సేటు నమలడం ఆపాడు. నేను ఆకు వంక చూశాను. ఆకులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

"ఏంది పిల్లగా," అన్నాడు సేటు నెమ్మదిగా, "ఎవ్వరికీ చెప్పకు అన్న గదా?"

"ఒక్కనికే చెప్పిన సేటూ."

"ఒక్కనికే!" ఆయన వంటింటి వైపు తిరిగి, "అమ్మా, రోజూ ఎంతమంది వండుతున్నరు నీ పొయ్యి మీద?" అని అడిగాడు.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. నుదుటి మీద పిండి, చేతిలో సగం కాలిన భక్ష్యం. "నాలుగిండ్లోళ్లు సేటూ. గ్యాసాయన ఇంట్ల గ్యాసు ఉండకపోతదా అని వస్తున్నరు. లేదంటానికి నోరు రాలే."

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను, గొంతు కొంచెం లేచింది. వెంటనే నాకు ముందు చేరినవాడు గుర్తొచ్చి ఆ గొంతును అక్కడికక్కడే దించేశాను.

"మీరు అడిగిన్రా? బండ ఎన్నడు పెట్టినవని తేదీ అడిగిన్రు. పొయ్యి మీద ఏం ఉడుకుతుందో ఒక్కనాడన్న అడిగిన్రా?" ఎప్పుడూ ఏమయ్యా అనే మనిషి ఆ రోజు సేటు ముందు నన్ను మీరు అంది. ఆ గౌరవం కంటే తిట్టు నయమనిపించింది.

సేటు నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తరవాత పొట్ట, తరవాత పీట. "ఊరంతటికి కరువు తెచ్చిండు, ఆ కరువు తిరిగి తిరిగి వీని వంటింట్లకే వచ్చింది!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి అత్తా, వదినా, మా ఆవిడా కలిసి కట్టెల మీద మిగతా భక్ష్యాలు కాల్చారు. పొగకు దగ్గుతూ, ఊదుగొట్టం ఊదింది నేను. సేటు ఇంకో మూడు తిని, చేయి కడుక్కుని తీర్పు చెప్పాడు. "ఇల్లు మంచిది. నౌకరి పక్కా. నీ మొహం చూసి గాదు, ఆమె మొహం చూసి. నువ్వు నెల దినాలు చాచా వెంబడి బండలు మోయి. ఇంటింటికి పోయి పొయ్యి చూసి రా. ఆ ఎర్ర గీత మళ్ల నాకు కనబడొద్దు."

నెల రోజులు మోశాను. ఏ ఇంట్లో ఎంతమంది తింటారో, ఎవరు పండగకు ఎవరింటికి పోతారో, ఎవరు పక్కింటివాళ్లకు పొయ్యి ఇస్తారో భుజం నొప్పితో సహా నేర్చుకున్నాను. ఆ భోజనం రోజు సాయంత్రం నేను పెరట్లో మసి కడుక్కుని వచ్చేసరికి డైరీ తెరిచి ఉంది. 'తొమ్మిది రోజులకు సరిపడా ఉన్నది' అన్న నా వాక్యం కింద మా ఆవిడ గుండ్రటి అక్షరాలతో ఒక్క మాట రాసింది: 'అయిపోయింది.' నాలుగు ట్రంకు పెట్టెల్లోనూ ఆమె చేతిరాత ఉన్నది ఆ ఒక్క పేజీలోనే.

నిన్న గోరేబాళ నుంచి ఒక పాత మిత్రుడు ఫోను చేశాడు. కాలువ కింద వరి వేసే మనిషి. "ఏవండీ, గ్యాసు ధర పెరిగితే యూరియా దొరకదంటున్నారు. మీరు లెక్కలు తెలిసినవారు కదా, ఇప్పుడే తెచ్చి పడేసుకోమంటారా?" అన్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది అంచనా. వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడి నా వంకే చూస్తోంది. "మీ పొలానికి ఎంత కావాలో అంతే తెచ్చుకోండి. నేను చెప్పానని మాత్రం ఎవరితో అనకండి" అని పెట్టేశాను.

ఆమె సిలిండరును ఒక చేత్తో కాస్త ఎత్తి చూసి దించి, "ఎన్ని రోజులొస్తది?" అంది. ఆమెకు తెలుసు. నాకు తెలియదని కూడా తెలుసు. రాత్రి భోజనం ముందు డైరీ తీసి రాశాను: 'గొట్టం వస్తుందంటున్నారు. ప్రపంచంలో గ్యాసు మిగలవచ్చు, మిగలకపోవచ్చు. మన బండ వారం రావచ్చు.' దాని కింద ఆమె కోసం ఒక గీత ఖాళీగా వదిలాను.