దయామణి గారి శనివారాలు

నందిగామలో మా సందు మొదట్లో సాయంత్రమయ్యేసరికి ఉడకబెట్టిన వేరుశనక్కాయల బండి వచ్చి ఆగుతుంది. నిన్న ఆ బండాయన గిన్నె మీద మూత తీసే వేళకు నేను ల్యాప్‌టాప్ ముందు ఆన్‌లైన్ శిక్షణలో కూర్చుని ఉన్నాను. కుటుంబ కౌన్సిలర్‌గా నా రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే ఇన్ని గంటలు కొత్తగా ఏదో నేర్చుకున్నట్టు చూపించాలి. తెర మీద ఒకాయన, కౌన్సిలర్ కూడా మరొకరి దగ్గర మనసు విప్పుకోవాలని చక్కటి ఇంగ్లీషులో స్లైడు చదువుతున్నాడు. వింటున్న మా అందరి మైకులూ కట్టేసి ఉన్నాయి, ముఖాలు నల్లటి గళ్ళ వెనక ఉన్నాయి. అంతలో కిటికీలోంచి ఆ ఉప్పటి ఆవిరి వాసన వచ్చింది. ఇక ఆ స్లైడు నాకు కనిపించలేదు. దయామణి గారు గుర్తొచ్చారు. గుర్తొచ్చారనడం కూడా సరి కాదు, ఆవిడ ఇప్పటికిప్పుడు కావాలనిపించింది.

ఆవిడది పెనుగంచిప్రోలు దగ్గర పల్లె. తండ్రి మిషన్ బడిలో పంతులు. గుంటూరులో ఒక ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌గా చాలా ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక జగ్గయ్యపేటలో చిన్న ఇల్లు తీసుకుని ఒక్కరే ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో కౌన్సిలర్లుగా పనిచేసే మమ్మల్ని ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని, నెలకో శనివారం ఇంటికి రమ్మనేవారు. మానేస్తే ఫోన్ చేసి చీవాట్లు పెట్టేవారు. నేను కుటుంబ సలహా కేంద్రంలో కొత్తగా చేరిన రోజులవి. మొదటిసారి వెళ్ళినప్పుడు అమాయకంగా అడిగాను. "సర్టిఫికెట్ ఇస్తారా మేడమ్?"

"టీ ఇస్తా," అన్నారు. "కాయలు కూడా ఉడకేశా. కూర్చో."

హాల్లో చాప మధ్యలో పెద్ద బేసిన్ నిండా వేరుశనక్కాయలు ఉండేవి. ఒలుస్తూ మాట్లాడాలి. చేతులు ఖాళీగా ఉంటే మేమంతా ఫోన్లు పట్టుకుంటామని ఆవిడ అనుమానం. అనుమానం నిజమే. మాలో ఎవరైనా "మా దగ్గరికి ఒక కేసు వచ్చిందండి" అని మొదలుపెడితే ఒంటికాలి మీద లేచేవారు. "కేసులు పోలీస్ స్టేషన్‌లో ఉంటాయి. నీ దగ్గరికొచ్చింది ఎవరు?" అనేవారు. అంతటితో వదిలేవారా అంటే అదీ లేదు. మనకు కొరుకుడు పడని ఆ మనిషి గురించి చెప్పడానికి వీల్లేదు. గోడ పక్కనున్న కుర్చీలో కూర్చుని, ఆ మనిషే అయిపోయి, నేను అంటూ మాట్లాడాలి. మిగతావాళ్ళు ప్రశ్నలు అడగాలి తప్ప సలహా ఇవ్వకూడదు. సలహాలు ఇవ్వడమే ఉద్యోగమనుకునే మాకు మొదట్లో తలప్రాణం తోకకొచ్చింది.

నేను ఆ కుర్చీలో మొదట కూర్చున్నది గేదె ఉన్న ఒకావిడ కోసం. ఊరూ పేరూ చెప్పను, చెబితే దయామణి గారు ఎక్కడున్నా నన్ను తిడతారు. భర్త క్వారీలో పని. తాగొచ్చి కొడతాడు. అన్న బలవంతం మీద నా దగ్గరికొచ్చేది. వచ్చి కూర్చుని తన గేదె గురించి చెప్పేది. ఎంత పాలిస్తుంది, ఏ మేత ముట్టదు, ఈసారి ఎప్పుడు ఈనుతుంది, ఇవే కబుర్లు. నాకు శిక్షణలో నేర్పినట్టు నేను ఆవిడను మెల్లగా అసలు విషయంలోకి తీసుకురాబోయేదాన్ని. ఆవిడ అంతే మెల్లగా కొట్టంలోకి వెళ్ళిపోయేది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇక ఈ ఉద్యోగం నావల్ల కాదు, మా అత్తయ్య చెప్పినట్టు బీఈడీ చేసి టీచరునైపోతాను అనుకుంటూ ఆ శనివారం బస్సెక్కాను.

"ఊరు మార్చు, పేరు మార్చు," అన్నారు దయామణి గారు నన్ను కుర్చీలో కూర్చోబెడుతూ. "గేదెను మాత్రం మార్చకు."

కూర్చున్నాను. ఆ గేదె ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకునే తీరు గుర్తొచ్చి నేనూ చుట్టుకున్నాను. మాటలు వాటంతట అవే వచ్చాయి. "నేను ఎక్కడికెళ్తానండీ. నేను పితికితే తప్ప అది పాలివ్వదు. వేరేవాళ్ళు కూర్చుంటే తన్నుద్ది."

"ఇంట్లో మీ మాట ఇంకెవరు వింటారమ్మా?" దయామణి గారు అడిగారు, నిజంగా ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు.

ఆ గేదె ఆవిడ ఇన్నాళ్ళూ చెబుతున్నది అసలు విషయమేనని అప్పుడు తెలిసింది. మళ్ళీ వచ్చినప్పుడు గేదె ఎలా ఉందని నేనే అడిగాను. చాలాసేపు చెప్పింది. గేదె నుంచి కొట్టానికి, కొట్టం నుంచి అక్కడే దాక్కుని పడుకున్న రాత్రుల దాకా తానే వచ్చింది. తర్వాత చాలా జరిగింది, అది ఆవిడ సొంత కథ. నేను మాత్రం బీఈడీ చేయలేదు.

కుర్చీలోంచి లేచాక ఇంకో పద్ధతి ఉండేది. పెరట్లో పంపు దగ్గరికెళ్ళి ముఖం కడుక్కుని రావాలి. అందరి ముందూ నిలబడి మన పేరు, మన ఊరు, పొద్దున ఇంట్లో ఏం కూరో చెప్పాలి. అది చెప్పందే బస్టాండుకి పోనిచ్చేవారు కాదు. ఇదంతా చాదస్తమనుకునేదాన్ని. ఒకసారి మద్యం మాన్పించే కేంద్రంలో పనిచేసే శ్రీనివాస్, ప్రమాదంలో క్లీనర్ కుర్రాణ్ణి పోగొట్టుకున్న లారీ డ్రైవర్‌గా కూర్చున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆపుకోవడం అతని వల్ల కాలేదు. దయామణి గారు చెయ్యి పట్టుకుని పంపు దగ్గరికి తీసుకెళ్ళి తానే నీళ్ళు కొట్టారు.

"పేరు?"

"శ్రీనివాస్ అండి."

"ఊరు?"

"ఈ ఊరేనండి. పొద్దున మా ఆవిడ గోంగూర పప్పు చేసింది."

"మరి నువ్వేం చేశావు?"

"తిన్నానండి."

అందరం నవ్వాం, అతనూ నవ్వాడు. నవ్వాక అతని ముఖం మళ్ళీ మా శ్రీనివాస్ ముఖంలా అయింది. ఆ పద్ధతి ఎందుకో ఆ రోజు నాకు అర్థమైంది. ఎదుటివాళ్ళ బాధలోకి వెళ్ళడం మాకు ఎంతోమంది నేర్పారు. తిరిగి ఇంటికి రావడం నేర్పింది ఆవిడ ఒక్కరే.

తర్వాత ఆవిడకు జబ్బు చేసింది. విజయవాడ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. చూడ్డానికి వెళితే మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని నన్నే ప్రశ్నలడుగుతున్నారు. సెంటర్ ఎలా ఉంది, కొత్తగా చేరిన అమ్మాయి నిలబడుతుందా, శ్రీనివాస్ వస్తున్నాడా. ఉండబట్టలేక అడిగాను. "మేమందరం మీకు చెప్పుకున్నాం. మీరు ఎవరికి చెప్పుకునేవారు మేడమ్?"

"గుంటూరు ఆసుపత్రిలో మాకు పని నేర్పిన పెద్దాయన ఒకరుండేవారు. ఆయన పోయాక ఎవరూ లేరు," అన్నారు. తర్వాత నవ్వారు. "మీకు నేర్పడానికి పిలిచాననుకున్నావా పద్మా? నాకు ఓ శనివారం కావాల్సొచ్చింది. అందుకే మిమ్మల్ని పోగేశా."

వానలు వెనకబట్టే రోజుల్లో ఆవిడ పోయారు. తర్వాత కొన్ని నెలలు మేం కలవలేదు. కలవాలని అందరం ఫోన్లలో అనుకోవడమే. చివరికి శ్రీనివాస్ పట్టుబట్టి నందిగామలో మా సెంటర్‌కే అందరినీ రప్పించాడు. ఎవరి గురించి మాట్లాడదామని అడిగాడు. నేను ఏమీ చెప్పకుండా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. "నా పేరు దయామణి," అన్నాను.

శ్రీనివాస్ ముందుకు జరిగి అడిగాడు. "మేమంతా వెళ్ళిపోయాక మీరు ఏం చేసేవారు మేడమ్?"

"గేటు దగ్గర నించునేదాన్ని," అన్నాను. అది నిజం. మేం ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా ఆవిడ గేటు పట్టుకుని అలాగే ఉండేవారు. పెద్దావిడ మర్యాద అనుకునేదాన్ని. నా నోటి వెంట వచ్చిన తర్వాతి మాట మాత్రం నేను ఎన్నడూ అనుకున్నది కాదు. "ఎవరో ఒకరు చెప్పాల్సింది ఇంకా ఉందని వెనక్కొస్తారేమోనని చూసేదాన్ని. వస్తే బాగుండుననిపించేది."

గదిలో ఏడుపు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. చాలాసేపటికి శ్రీనివాస్ నా దగ్గరికొచ్చి, "ముఖం కడుక్కుని రండి పద్మ గారూ. పేరు చెప్పాలి," అన్నాడు.

నేను లేవలేదు. "ఇంకాసేపు ఉండనీ శ్రీనూ," అన్నాను, ఆవిడ పిలిచినట్టే. అతను ఉండనిచ్చాడు.

ఆ తర్వాత పేరు చెప్పాను, ఊరు చెప్పాను. కూర ఏం చెప్పానో గుర్తు లేదు. ఇంటికి తిరిగి రావడం నాకు అంత కష్టమైన రోజు మరొకటి లేదు. ఒక్క శనివారమైనా ఆటో ఆపించి దిగి ఉంటే ఆవిడ నాకు ఏం చెప్పేవారో అని ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆ మాటలు నాకు ఇక దొరకవు. ఇప్పుడు నా గదిలోంచి ఎవరు లేచి వెళ్తున్నా వెంట గుమ్మం దాకా వెళ్ళి, వాళ్ళు మెట్లు దిగేవరకూ అక్కడే నిలబడతాను. చాలామంది తిరిగి చూడరు. మొన్న ఒకావిడ చివరి మెట్టు మీద ఆగి తిరిగి చూసింది. నేను ఇంకా అక్కడే ఉండడం చూసి, చెప్పులు మళ్ళీ విడిచి పైకి వచ్చింది.