కుట్టుకూలి

చలికాలమంటే లోకానికి వణుకు. దూదేకుల ఇంటికి మాత్రం అదే కూడు. దసరా దాటిందంటే పాత పరుపులు విప్పించుకునేవాళ్లు, కొత్త బొంతలు కుట్టించుకునేవాళ్లు గుమ్మం ముందు నిలబడతారు. ఎండ మళ్లీ చురుక్కుమనే దాకా ఆ పని నడుస్తుంది. ఏడాదిలో మిగిలిన నెలలన్నీ ఆ నాలుగు నెలల మీద బతకాల్సిందే.

ఆ ఏటి చలికాలాన్ని తన మొగుడు మౌలా అలీ గట్టెక్కించలేడని జైనాబీకి ఎండాకాలంలోనే అర్థమైపోయింది.

సీతాఫల్‌మండిలో రైలు పట్టాల వైపు గల్లీలో వాళ్లది ఒంటి గది. దూలానికి వేలాడే దూది ఏకే విల్లు, దాని కింద దూది కుప్ప, వెనక ఒక గోనెపట్టా పరదా, పరదా అవతల నులకమంచం. చిన్నప్పటి నుంచి దూది నుసి పీల్చిన ఛాతీ మౌలా అలీది. పోయిన ఏడు రజాకార్ల శిబిరానికి పరుపులు కావాలని ఎవరో జమేదారు వచ్చి పని పడేసి పోయాడు. వద్దంటే ఊరుకునే రోజులా అవి? మౌలా అలీ తలుపులు మూసుకుని పొద్దస్తమానం ఏకాడు. ఆ పరుపుల మీద పడుకున్నవాళ్లు తర్వాత ఎటు పోయారో తెలియదు. కూలి అడుగుదామంటే మనిషే లేడు. ఏకినవాడు మాత్రం దగ్గుతో ఇక్కడే మిగిలాడు.

దగ్గే మనిషి ఊపిరి పడిన దూది మీద పిల్లల్ని ఎవరు పడుకోబెట్టుకుంటారు? దగ్గు సంగతి గల్లీ దాటిందంటే ఒక్క పరుపు రాదు. పరుపులు రాకపోతే చలికాలం పోయినట్టే, చలికాలం పోతే ఏడాది పోయినట్టే.

అందుకే జైనాబీ ముందుగానే కష్టకాలానికి ఇంటిని అలవాటు చేయడం మొదలుపెట్టింది. అన్నం పూటను జొన్నగట్కలోకి దించింది. కోళ్లను అమ్మి ఇంటి కిరాయి ముందే కట్టేసింది. చాయ్‌లో చక్కెర మానేసింది, తర్వాత పాలు మానేసింది, ఆ తర్వాత చాయే మానేసింది. ఇక మానేయడానికి ఏముందా అని ఇల్లంతా వెతికింది. చేసినవన్నీ ఖర్చు తగ్గించే పనులే గానీ ఒక్కటీ రాబడి తెచ్చే పని కాదని అప్పుడు తట్టింది.

"గా విల్లు నాకు నేర్పియ్యి," అన్నది మొగుడితో.

మౌలా అలీ నవ్వబోయి దగ్గాడు. "ఆడదానివి విల్లు పడ్తవా? మనోళ్లల్ల ఎవరన్న పట్టిన్రా? నవ్వుతరే."

"నవ్వెటోళ్లు జొన్నలు పంపిస్తరా?"

దూదేకులవాళ్లలో పనుల పంపకం ఎప్పుడో జరిగిపోయింది. విల్లు మగవాడిది. గింజలు ఏరడం, గలేబులో దూది నింపడం, దబ్బనంతో కుట్టడం ఆడదానిది. కూలీ అట్లాగే పంచుకుంటారు. ఏకుడు కూలి ఇంటి ఖర్చుకు, కుట్టుకూలి ఆడమనిషి సొంతానికి. చేతికి గాజులైనా, కూతురి కాన్పుకు ఇంత నెయ్యైనా జైనాబీ ఆ కుట్టుకూలితోనే కొన్నది. ఆమె బతుకులో ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టగలిగిన డబ్బు అదొక్కటే.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం బయల్దేరిందన్న కబురుతో గల్లీలో తలుపులన్నీ మూతపడ్డాయి. జనం తుపాకుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూచున్నారు. విల్లు చప్పుడు ఎవరికి పట్టింది? జైనాబీ పని నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. రెండు తలల కొయ్యతో నారి మీద కొడితే మొదట్లో దూదికి బదులు భుజం అదిరింది. అరచేతులు పొక్కాయి. మౌలా అలీ మంచం మీద కూచుని పట్టె మీద వేలి కణుపులతో దరువు వేసేవాడు. ఆ దరువు మీద ఆమె కొట్టేది. తప్పితే "ఊహూఁ" అనేవాడు. అంతకంటే మాట్లాడితే దగ్గొస్తుంది.

తర్వాత సోదాలు షురూ అయ్యాయి. ఆయుధాల కోసం వచ్చిన సిపాయి, దూలానికి వేలాడుతున్న మనిషెత్తు విల్లును చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. జైనాబీ పిడికెడు దూది కింద పెట్టి నారి మీద కొట్టి చూపింది. దూది ఎగిరి అతని మీసాల మీద వాలింది. తుడుచుకుంటూ పోయాడు.

టోపీ పెట్టుకున్న మనిషి పరాయి గల్లీలోకి పోవాలంటే వెనకాముందాడే రోజులవి. అందుకే మౌలా అలీ వీధుల్లో తిరగడం మానేశాడంటే ఎవరూ వింతగా చూడలేదు. పరుపులు తెచ్చినవాళ్ల దగ్గర జైనాబీ సగం తలుపు తెరిచి అందుకునేది. "ఆయన పనిల ఉన్నడు" అనేది. లోపలి నుంచి విల్లు మోగితే అది మౌలా అలీ చెయ్యే అనుకునేవాళ్లు.

దసరా వెళ్లాక మొదటి పరుపు సుమిత్రది. పై గల్లీలో ఉండే రైల్వే గుమాస్తా భద్రయ్య భార్య ఆమె. ఆమె ఇచ్చిందంటే ఆ వరసలో ఇళ్లన్నీ ఇస్తాయి. ఆమె వద్దంటే ఎవరూ ఇవ్వరు. మంచిచెడ్డా ఊరికి చాటేది ఆ నోరే. దిండు ఒకటి కలిపి కుట్టమని చెప్పడానికి ఓ మధ్యాహ్నం ఆమె పిలవకుండానే తలుపు తోసుకుని వచ్చింది. సరిగ్గా అప్పుడే పరదా వెనక దగ్గు మొదలైంది. ఒక పట్టాన ఆగలేదు.

"ఏందీ జైనాబీ, గా దగ్గు?"

"చలిగాలికి, సుమిత్రమ్మా."

"చలి ఇంక రానేలేదు, గాలి ఎక్కడి నుంచొచ్చింది?" సుమిత్ర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "గిట్ల దగ్గుకుంటనే నా పరుపు ఏకిండా? నా పోరగాండ్లు పండుకునేది గా దూది మీదనే! వద్దు తల్లీ, నా దూది నాకిచ్చెయ్యి."

జైనాబీ కనురెప్పల మీద దూది పేరుకుని ఉంది. దాచడానికి ఓపిక కూడా అయిపోయింది.

"ఆయన ముట్టలే. వానలు పడంగ పడంగ విల్లు ఇడిసిపెట్టిండు. నేనే ఏకుతున్న."

"అబద్ధానికి సుత ఒక అంతుండాలె."

జైనాబీ కొయ్య అందుకుని నారి మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. దూది లేచి, విడిపోయి, పక్కకు వాలింది. సుమిత్ర కొంగు వదిలేసింది. దోసెడు దూది తీసి తలుపు వెలుగులో పట్టి ఉండల కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

"మౌలా అలీ కన్న మంచిగనే ఏకినవ్ గదనే!"

జైనాబీ గుండెల్లో బరువు దిగింది. ఆ ఊరట క్షణమైనా నిలవలేదు.

"మరి ఆడమనిషి చేసిన పనికి మొగోని కూలెందుకిస్తా? సగమిస్తా."

ఆకలికి సిద్ధపడింది జైనాబీ. సోదాకు సిద్ధపడింది. దగ్గు బయటపడే రోజుకూ లోలోపల సిద్ధపడే ఉంది. ఈ ఒక్క మాటకు మాత్రం సిద్ధపడలేదు. ఆడదాని చేతిలో విల్లు బరువు తగ్గుతుందా? ఆడదాని ఛాతీ అని చూసి దూది నుసి పక్కకు తప్పుకుంటుందా? చేసిన పని కళ్లారా చూసి మెచ్చుకున్న నోరే, చేసిన చెయ్యి ఎవరిదో తెలియగానే ధర కోసేసింది. అన్నదీ ఒక ఆడదే.

"సగమిస్తే సగం పరుపే ఏకుతా సుమిత్రమ్మా. నువ్వు పండుకునే దిక్కు ఏకాల్నా, భద్రయ్య సారు దిక్కు ఏకాల్నా? చెప్పు."

సుమిత్రకు నవ్వాగలేదు. "ఆయన దిక్కు ఉండలే ఉండనీ. రాళ్ల మీద పండవెట్టినా గుర్రు పెడ్తడు." అంతలోనే మొహం బిగించింది. "నవ్వు వేరు, పైసలు వేరు. కుదరదంటే నా దూది నాకియ్యి. వేరేటోళ్లకిస్తా."

"తీస్కపో."

గదిలో మోకాలెత్తు దూది. తలుపులోంచి వచ్చిన గాలికి అది ఒకసారి కదిలి, సుమిత్ర చీర కుచ్చిళ్లను అంటుకుంది. ఖాళీ గలేబు వంక, ఆ కుప్ప వంక మార్చి మార్చి చూసి ఆమె గడప మీద కూలబడింది.

"కొంగుల కట్టుకపోతనా గిదంత? మొండిదానివి నువ్వు. సరే. ఏకినదానికి మొత్తం ఇస్తా. కుట్టినదానికి మాత్రం దమ్మిడి ఇయ్య."

జైనాబీ పరదా వైపు చూసింది. దాని వెనక మనిషి దగ్గు రాకుండా ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు.

"కుట్టుకూలి ఇడిసిపెడ్తా. కని గా దగ్గు సంగతి నీ కడుపులనే ఉండాలె."

"దగ్గు సంగతి చెప్ప, నా పిల్లల మీద ఒట్టు," అన్నది సుమిత్ర లేస్తూ. "నువ్వు విల్లు వట్టినవని మాత్రం చెప్పకుంట ఉండలేనమ్మా. నా వల్ల గాదు."

"గది చెప్పుకో."

చెబుతుంది. పరుపులు వస్తాయి. వాటి వెంటే 'సుమిత్రమ్మకు ఊకనే కుట్టిచ్చినవంట గద' అన్న మాటా వస్తుంది. చలికాలం దక్కింది, దానితో ఈ ఏటి దబ్బనం పనంతా ఉత్త పుణ్యానికి పోయింది.

సుమిత్ర వెళ్లాక పరదా వెనక నుంచి మౌలా అలీ గొంతు వినిపించింది. "కుట్టుకూలి ఎందుకిడిసినవే? గది నీ సొంతం పైస గద."

జైనాబీ గలేబు నోరు విప్పి పట్టుకుని దూది నింపుతోంది. అతను ఇంకేదో అనబోయాడు. ఛాతీలోంచి దగ్గు తన్నుకొచ్చింది. బయటికి వినపడకుండా బొంత అంచు నోట్లో కుక్కుకున్నాడు. మంచం నులకంతా కిర్రుమంటూ ఊగింది.

"దగ్గు, గట్టిగనే దగ్గు," అన్నది జైనాబీ దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ. "ఇయ్యాల్టి దగ్గుకు పైసలు కట్టినం."