బందు నాడు ఆలస్యంగా చేరిన రక్తం

నేను రాసిన ఒక పరిశోధన పేపర్‌ని ప్రపంచం నలుమూలలా ఉదహరించారు. నలుమూలలా అన్నాను కదా, నిజానికి రెండు మూలలు. అందులో ఒక మూలన నేనే కూర్చుని, కొత్తగా ఏది రాసినా నా పాత పేపర్‌ని తలుచుకునేవాణ్ణి. దీన్ని మావాళ్లు సైటేషన్ అంటారు. ఎన్ని ఉంటే అంత గొప్ప. తలిచిందెవరని ఎవరూ అడగరు.

షుగర్ ఉన్నవాళ్ల రక్తంలో ఒక ఎంజైము తగ్గుతుందని ఆ పేపర్ సారాంశం.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పరిశోధనాలయం పెద్ద భవనం. అందులో మావి పై అంతస్తులో రెండు గదులు, మిగతాదంతా కోచింగ్ సెంటర్లు. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. ఎల్బీనగర్‌లో హాస్టల్లో ఉండేది. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. రాష్ట్రం వస్తే నా గతేమిటని టీ తాగుతూ ఆమెను ఏడిపించేవాణ్ణి.

“మీరెటూ పోవద్దు సార్. నా పేపర్ మీద సంతకం పెట్టేదాకనైతే అసలే పోవద్దు” అనేది.

ఆ మాటలో వేళాకోళం సగమే. పేపర్ అచ్చుకు ఎంపికైతేనే ఆమె థీసిస్ ఇవ్వగలదు. ఫెలోషిప్ ఎండాకాలంతో అయిపోతుంది. తర్వాత హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి పోవడమే. నా ఫలితాన్నే ఇంకొంతమంది మీద రుజువు చేయడం ఆమె పని.

షుగర్ వాళ్ల రక్తం నా పాత పేపర్ రోజుల నుంచీ హయత్‌నగర్ దవాఖాన నుంచే బస్సులో వచ్చేది. ఆరోగ్యవంతుల రక్తం మాత్రం ల్యాబు దగ్గర దొరికినవాళ్ల చెయ్యి పట్టుకుని తీసేవాళ్లం. చివరికి మమ్మల్ని చూస్తే కోచింగ్ పిల్లలు పారిపోయే స్థితి వచ్చింది. అందుకని ఆమె తన హాస్టల్ స్నేహితురాళ్లను ఒప్పించి, ఒక పొద్దున వాళ్ల రక్తం తీసి ఐసు డబ్బాలో పెట్టుకుని బయల్దేరింది. ఆ రోజు బందు. బస్సుల్లేవు. ఎల్బీనగర్ చౌరస్తా నిండా జనం. నడుచుకుంటూ ల్యాబుకు చేరేసరికి మధ్యాహ్నమైంది, ఐసు నీళ్లయింది.

అయినా పరీక్ష చేశాం. అందరికీ ఎంజైము తక్కువే.

“ఏమిటమ్మా ఇది? మీ హాస్టల్ మొత్తానికీ షుగరా?”

“మా హాస్టల్ల చాయిలనే షుగర్ సక్కగ ఎయ్యరు సార్, ఒంట్లకు యాడికెల్లి వస్తది?”

ఆ డబ్బాకేసి చూసి, మెల్లగా అంది: “సార్, హయత్‌నగర్ రక్తం గూడ గిట్లనే లేటుగ వస్తది గద. ల్యాబులోళ్లదైతే తీసిన ఎంబడే చూస్తం. తగ్గింది షుగర్ తోని కాదేమో, లేటు తోని.”

నిజమైన శాస్త్రజ్ఞుడిలా నేను చలించలేదు. అంటే, కుర్చీలోంచి చలించలేదు. రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

“బందులయ్యాక మళ్లీ చూద్దాంలే.”

“ఏ బందయినంక సార్? రేపింకోటుంది. నా ఫెలోషిప్ ఆగదు గద!”

చొక్కా చెయ్యి మడిచి ఆమె ముందు పెట్టాను. నా రక్తంలో సగం అప్పటికప్పుడు పరీక్షించాం. మిగతా సగం కిటికీ గట్టు మీద ఉంచాం. కింద రోడ్డు మీద ఊరేగింపులు పోతూనే ఉన్నాయి. ఎండ దిగాక రెండో సగం చూశాం. ఏనాడూ షుగర్ లేని నాకూ ఎంజైము పడిపోయింది.

“మీ రక్తమే మీకు ఉల్టా చెప్పింది సార్” అనేసి, నాలుక కరుచుకుంది.

“రాయి. నీ పేరే ముందు” అన్నాను. వెంటనే అన్నానని చాలాచోట్ల చెప్పుకున్నాను. నిజానికి ఆమె ఐసు డబ్బా కడిగి, తుడిచి, బోర్లించాక అన్నాను.

పాత ఫలితం తప్పని ఇద్దరం కలిసి రాశాం. ఎండాకాలం వెళ్లేలోపే పేపర్ ఎంపికైంది, థీసిస్ వెళ్లింది, ఆమె మా దగ్గరే కొత్త ప్రాజెక్టులో చేరింది. కొన్ని నెలలకు ఒక ప్రింటు కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఎక్కడో ఒరిస్సాలో ఎవరో మా పేపర్‌ని ఉదహరించారు.

“తిట్టారా?”

“లే సార్. మనది సదివి, రక్తం చూసే మిషిన్ దవాఖానలనే పెట్టుకున్నరట. తీసిన ఎంబడే చూస్తున్నరు.”

“అయితే మనమూ హయత్‌నగర్ పోదాం.”

“మిషిన్ ఎట్ల తీస్కపోతం?”

“ఆటోలో. రేపే.”

“రేపు బందు సార్.”

“ఎల్లుండి.”